చేత్తో రాసిన నోటు పుస్తకాలకు గ్రంథాలయంలో చోటు లేదా?

సంపాదకుడు గారికి నమస్కారం.

గ్రంథాలయాల గురించి పేపర్లలో వచ్చే వార్తలన్నీ భవనాలు, కుర్చీలు, పోటీ పరీక్షల పుస్తకాల చుట్టూనే తిరుగుతున్నాయి. అవి అక్కర్లేదని నేను అనను. కానీ మామూలు మనుషులు చేత్తో రాసి పెట్టుకున్న కాగితాల ఊసే ఎవరూ ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం. చైనా రచయిత ఒకాయన సంగతి చెబితే తప్ప నా బాధ సరిగ్గా అర్థం కాదు, కొంచెం ఓపిగ్గా చదవండి.

షెన్ ఫు 1763లో సుజౌ నగరంలో పుట్టాడు. పెద్ద పరీక్షలు పాసై పదవులు పొందినవాడు కాదు. అధికారుల కచేరీల్లో గుమాస్తా పని చేస్తూ ఊళ్లు తిరిగాడు, ఆ పని లేనప్పుడు బొమ్మలు గీసి అమ్ముకున్నాడు. మద్యం వ్యాపారంలో దిగితే ఏడాది తిరక్కుండానే తైవాన్‌లో తిరుగుబాటు లేచి, సముద్రం దారి మూసుకుపోయి, సరుకంతా పేరుకుపోయి పెట్టుబడి కాస్తా పోయింది. అలాంటి మనిషి తన బతుకును తనే రాసుకున్నాడు. ఆ పుస్తకం పేరు ‘ఫు షెంగ్ లియు జీ’, అంటే నీటి మీద తేలే బతుకు గురించి ఆరు ప్రకరణాలు.

అందులో ఉన్నదంతా ఇల్లే. భార్య ఛెన్ యున్‌దీ ఆయనదీ ఒకే వయసు, 1780లో పెళ్లయింది. ఆ రోజుల్లో భార్య గురించి రాయడమంటే చనిపోయాక నాలుగు పొగడ్త మాటలు రాయడమే. ఈయన అలా కాదు, ఆవిడ తిండి ఇష్టాలు, మొండితనం, తెలివి అన్నీ రాశాడు. వేసవి సాయంత్రం తామర పూలు ముడుచుకునే ముందు యున్ పల్చటి గుడ్డలో కాసిని టీ ఆకులు మూటకట్టి పువ్వు నడిమధ్యలో పెట్టేది, పొద్దున పూలు విచ్చుకోగానే ఆ మూటలు తీసి టీ కాచేది. ఇంకోసారి మగవాళ్లంతా తోటల్లో ఆవపూలు చూడ్డానికి బయల్దేరదామంటే అక్కడ మద్యం, కూరలు వేడి చేసుకునే వీలు లేదు. చల్లటివే తినాలా, దగ్గర్లో ఏ హోటలైనా ఉందా అని వాళ్లు తర్జనభర్జన పడుతుంటే, కావడిలో పొయ్యి పెట్టుకుని వీధుల్లో పిండి బిళ్లలు ఉడికించి అమ్మేవాణ్ని కూలికి మాట్లాడింది ఆవిడే. సమస్య తీరిపోయింది. ఇంత చిన్న సంగతులు రెండు వందల ఏళ్ల తర్వాత మనకు తెలియడానికి కారణం, ఒక మామూలు మనిషి వాటిని రాయదగ్గవే అనుకోవడం.

ఆ తర్వాతి ప్రకరణం చదవడం కష్టం. షెన్ ఫు తమ్ముడు చేసిన అప్పు గొడవ యున్ మీదికి వచ్చింది, ఆవిడ ఉత్తరంలో మామగారి గురించి వాడిన ఒక మాట ఆయనకు కోపం తెప్పించింది, మొత్తానికి మొగుడూ పెళ్లాలిద్దర్నీ ఇంట్లోంచి పంపించేశారు. జబ్బు, అప్పులు. 1801 మొదట్లో, అప్పులవాళ్ల కంట పడకుండా ఊరు విడిచి వెళ్లేటప్పుడు తెల్లవారకముందే లేచి ఇద్దరూ వేడి గంజి తాగారు. పెళ్లికి ముందు, ఎవరూ చూడకుండా యున్ ఆయన కోసం దాచి పెట్టింది గంజే. ఒకప్పుడు గంజితో కలిశాం, ఇప్పుడు గంజితో విడిపోతున్నాం, దీన్ని నాటకంగా రాస్తే ‘గంజి తాగిన కథ’ అని పేరు పెట్టొచ్చు అంది ఆవిడ, బలవంతాన నవ్వుతూ. అలికిడికి కొడుకు లేచి ఎక్కడికమ్మా అని అడిగాడు, డాక్టరు దగ్గరికి అని చెప్పారు. తల్లీ కొడుకూ మళ్లీ చూసుకోలేదు. 1803లో యాంగ్‌జౌలో యున్ పోయింది, తర్వాత కొన్నేళ్లకే ఆ పిల్లాడూ పోయాడు. ఇది నేను ఎన్నిసార్లు చదివినా ఆ గంజి దగ్గర ఆగిపోతాను.

ఇక అసలు విషయానికి వస్తాను. షెన్ ఫు బతికుండగా ఇది అచ్చు కాలేదు, ఆయన ఏ సంవత్సరంలో పోయాడో కూడా ఎక్కడా రాసి లేదు. యాంగ్ యిన్‌ఛువాన్ అనే ఆయనకు సుజౌలో ఒక పాత పుస్తకాల కొట్లో ఆ రాతప్రతి దొరికింది, 1877లో షాంఘైలో అచ్చయింది. దొరికినవి నాలుగు ప్రకరణాలే. ఐదోది, ర్యుక్యూ దీవుల (ఇప్పటి జపాన్‌లోని ఒకినావా వైపు) ప్రయాణం గురించినది, ఆరోది, ఆరోగ్యం గురించినది, రెండూ లేవు. 1935లో ఆ రెండూ దొరికాయంటూ పూర్తి పుస్తకం ఒకటి వచ్చింది, జనం ఆశగా కొన్నారు కూడా. తీరా పండితులు పరిశీలిస్తే ఐదోది వేరే ఎవరో రాయబారి రాసుకున్న ర్యుక్యూ దినచర్య నుంచి ఎత్తిందని, ఆరో దాంట్లో షెన్ ఫు తర్వాతి తరం వాడైన జెంగ్ గువోఫాన్ డైరీ మాటలున్నాయని తేలింది. పోయిన కాగితాలు పోయినట్టే, వాటి స్థానంలో నకిలీలు వస్తాయి.

మనకూ ఇలాంటి అదృష్టం ఒకటి దక్కింది. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830, 31ల్లో కాశీయాత్ర చేస్తూ దారిలో బియ్యం ఎక్కడ దొరుకుతుందో, ఏ ఊళ్లో బస బాగుంటుందో కూడా రాసి మిత్రుడికి పంపితే, కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లై గారు దాన్ని జాగ్రత్త చేసి 1838లో అచ్చు వేయించారు. ఆ మిత్రుడు లేకపోతే అప్పటి దారుల గురించి మనకు ఎంత తెలిసేది? బ్రౌన్ దొర కడపలో పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలకు నకళ్లు రాయించకపోతే ఎన్ని కావ్యాలు మిగిలేవి? అయితే వాళ్లు దాచినవి చాలావరకు కవుల రాతలు, గొప్పవాళ్ల రాతలు. మా మేనత్త లాంటి వాళ్ల రాతలు ఎవరు దాస్తారు?

ఆవిడ చదివింది ఐదో తరగతి. పెళ్లయిన దగ్గర్నుంచి ఇంటి ఖర్చుల పుస్తకం రాసింది. కిరసనాయిలు ధర, ఎవరికి ఎన్ని కుంచాల విత్తనాలు అప్పిచ్చిందీ, ఊరికి కరెంటు వచ్చిన రోజున పిల్లలకు పంచదార పంచడం, తుఫాను తర్వాత వారం రోజులు ఏం వండుకు తిన్నదీ, అన్నీ ఉన్నాయి. ఆవిడ పోయాక ఆ పుస్తకాలు మా దగ్గర్లోని గ్రంథాలయానికి తీసుకెళితే, అచ్చయినవే తీసుకుంటాం, వీటికి రిజిస్టర్లో కాలమ్ లేదు అన్నారు. వాళ్ల తప్పూ కాదు, అలాంటి ఏర్పాటే లేదు మరి. నేను ఇంట్లో పెట్టుకున్నాను, నా తర్వాత ఎవరు పెట్టుకుంటారు? ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత పేపర్లతో పాటు కిలోల లెక్కన తూకానికి వెళ్లిపోతున్నవి ఇలాంటివే. ఈ మధ్య అన్ని ఊళ్లలోనూ పాత ఇళ్లు పడగొట్టి అపార్టుమెంట్లు కడుతుండడంతో ఇది ఇంకా ఎక్కువైంది.

ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను రూపాయికి 8 పైసల చొప్పున మనమే కడుతున్నాం. రెండు రాష్ట్రాల్లోని జిల్లా గ్రంథాలయ సంస్థలకూ నా విన్నపం ఇది. ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో తాళం ఉన్న బీరువా ఒకటి, విడిగా ఒక రిజిస్టరు పెట్టండి. డైరీలు, ఉత్తరాల కట్టలు, ఖర్చుల పుస్తకాలు ఎవరు తెచ్చినా రసీదు ఇచ్చి తీసుకోండి. ఇంటివాళ్లు ఇన్నేళ్ల దాకా ఎవరికీ చూపించొద్దంటే ఆ షరతు రాసుకోండి. ఫోన్‌తో ఫొటోలు తీసి కంప్యూటర్లో పెట్టడానికి చదువుకునే పిల్లల సాయం తీసుకోవచ్చు. ఎవరి రాతలు గొప్పవి, ఎవరివి కావు అని మాత్రం అప్పుడే తేల్చకండి.

మీరు ఈ ఉత్తరం వేస్తే, ఇళ్లల్లో ఇలాంటి కాగితాలు ఉన్న పాఠకులు కూడా తమ జిల్లా గ్రంథాలయ సంస్థకు ఒక అర్జీ రాయాలని కోరుతున్నాను. నాది ఈ వారమే పంపిస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి