మిక్కీ ప్రింట్లు అందరికీ మార్చి ఇస్తున్నాను

నేను వేసిన మిక్కీ మౌస్ బొమ్మ ప్రింట్ ఇప్పటికే చేరిన 31 మందికీ, ఇంకా ఎదురుచూస్తున్న 19 మందికీ ఈ మాట. అవి సరిగా రాలేదు. మళ్లీ వేసి ఇస్తాను, ఎవరూ అదనంగా ఏమీ కట్టక్కర్లేదు.

నేను వాడేది పూర్తి కాటన్ కాగితం, తెల్లదనం కోసం ఏ రసాయనమూ కలపనిది. ఈసారి సప్లయర్ అదే లేబుల్ మీద వేరే కాగితం పంపాడు. చూడటానికి ఇంకా తెల్లగా ఉంది, అందుకే నేనూ పట్టుకోలేకపోయాను. మిగిలిన షీట్ల మీద ఒక రాత్రి యూవీ టార్చ్ వేస్తే నీలంగా వెలిగాయి. ఆప్టికల్ బ్రైట్‌నర్లు, అంటే కాగితాన్ని ఇంకా తెల్లగా చూపించే రసాయనాలు, కలిపారన్నమాట. వెలుతురు తగిలేకొద్దీ వాటి పని అయిపోతుంది, కాగితం పసుపు తిరుగుతుంది.

ఇది 1928 నాటి స్టీమ్‌బోట్ విల్లీలోని మిక్కీ, గ్లౌజులు లేని నలుపు తెలుపు బొమ్మ. అమెరికాలో ఆ సినిమా కాపీరైట్ 2024 జనవరి 1న తీరిపోయింది కాబట్టే ధైర్యంగా ముట్టుకున్నాను. చుట్టూ చీకటి, ముఖం మీద మాత్రం దీపం వెలుగు పడినట్టు, పాత ఆయిల్ పెయింటింగుల పద్ధతిలో నెలల తరబడి వేశాను. ప్రింటులో ఆ ముఖానికి ఇంకు లేదు, ఆ తెలుపు కాగితానిదే. అది పసుపెక్కితే ఇక బొమ్మే లేదు.

ఫోన్ చేసి అడిగితే సప్లయర్ అన్న మాట: "గోడల మీద స్ప్రే కొట్టినవాడివి, తెల్లారేసరికి వాటికి సున్నం వేసేసేవారు, ఇప్పుడు నీ బొమ్మలు వందేళ్లు నిలవాలా?" నిలవాలి. నేను వేసిన గోడల్లో ఒక్కటీ మిగల్లేదు, అందుకే ఇవి నిలవాలి. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది, ఊరికే ఇస్తానన్నా అతని దగ్గర ఇంకో షీటు తీసుకోను.

నన్ను మూడు రాత్రులు నిద్రపోనివ్వనిది నంబర్ల సంగతి. ఒక్కో ప్రింటు అంచున 1 నుంచి 50 దాకా ఒక నంబరూ, నా సంతకమూ ఉంటాయి. 7వ నంబరు మీ ఇంట్లో ఉండగా ఇంకో 7 వేస్తే లోకంలో రెండు 7లు ఉంటాయి. కొత్త నంబర్లు ఇస్తే 50 మాత్రమే అని సంతకం పెట్టి చెప్పిన మాట అబద్ధమవుతుంది. పసుపు తిరగడానికి ఏళ్లు పడుతుంది కదా, ఎవరికీ చెప్పకుండా ఊరుకుందామా అని కూడా అనిపించింది, దాచను. చివరికి ఇలా అనుకున్నాను: నంబరూ సంతకమూ ఉన్న అంచును చించి ఆ ముక్క ఫోటో పంపండి, అదే నంబరుతో కొత్తది వస్తుంది. చించడానికి చేతులు రాకపోతే ఉంచేసుకోండి, తప్పుగా అనుకోను, కానీ ఆ నంబరుతో ఇంకొకటి మాత్రం వెయ్యను. నా దగ్గరున్న 19నీ నేనే చించేశాను. చాలా కష్టమనిపించింది.

కొత్త కాగితం వేరేచోట నుంచి వచ్చింది, ప్రతి షీటూ టార్చ్ కింద చూశాకే ప్రింటుకు వెళ్తుంది. ఇప్పటికే ఫ్రేము కట్టించినవాళ్లు విప్పించి మళ్లీ కట్టించండి, ఆ బిల్లు నాకు పంపండి.