కారు తప్పు చేస్తే కేసు ఎవరి మీద?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో చేతులు వదిలేసినా నడిచే కారు గురించి పెద్ద ఫొటోతో వార్త వేశారు. ఎవరో ఒకరు జవాబు రాయకపోతారా అని చూశాను. ఎవరూ రాయలేదు. నెల్లూరు బైపాస్ మీద ఆ కారు అమ్మే షోరూం వారు చేసిన హడావుడి అందరికీ తెలిసిందే. ముందు సీట్లో కూర్చున్న అధికారి గారు రెండు చేతులూ పైకెత్తి ఫొటో దిగారు, ఇక ప్రమాదాలనేవే ఉండవని సెలవిచ్చారు. హెల్మెట్ లేదని మనకు ఫైన్ రాసే శాఖ వారే స్టీరింగ్ వదిలి చూపిస్తే ఇంక చెప్పేదేముంది!

అసలు అది తనంతట తాను నడిచే కారే కాదు. లేన్ గీతలు దాటకుండా చూసుకోవడం, ముందు బండి ఆగితే బ్రేకు వేయడం, అంతవరకే. దాన్ని లెవెల్ 2 అంటారు, బాధ్యత పూర్తిగా నడిపేవాడిదే. నిజంగా డ్రైవర్ లేని కార్లను దేశంలోకి రానివ్వనని, డ్రైవర్ల పొట్ట కొడతాయని 2023లో కేంద్ర మంత్రి గడ్కరీ గారే అన్నారు. ఉపాధి సంగతి సరే, భద్రత మాటేమిటి?

2015లో అమెరికాలో ఇద్దరు నిపుణులు ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, హైవే మీద పోతున్న జీప్ చెరోకీలోకి దాని పాటల సిస్టం గుండా దూరారు. ఏసీ, వైపర్లు వాళ్లే తిప్పారు. చివరికి యాక్సిలరేటర్ తొక్కినా బండి ముందుకు పోకుండా చేశారు. నడుపుతున్న విలేకరి ఒప్పుకుని కూర్చున్నాడు కాబట్టి సరిపోయింది. కంపెనీ 14 లక్షల బండ్లను సరిచేయాల్సి వచ్చింది. అది మామూలు కారే, డ్రైవర్ ఉన్నదే. మన దగ్గర అలా జరిగితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమంటారు కాబోలు. ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకున్నవారిని అడిగితే ఆ ఫోన్ల సంగతి చెబుతారు.

మన రోడ్లకు హ్యాకర్ దాకా ఎందుకు? 2020లో కంప్యూటర్ భద్రతా సంస్థ మెకఫీ వారు 35 మైళ్ల వేగం బోర్డు మీద చిన్న నల్ల టేపు ముక్క అంటిస్తే టెస్లా పాత మోడల్ కారు దాన్ని 85 అని చదివింది. ఇక్కడ నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కడితే బోర్డే కనపడదు. చీమకుర్తి నుంచి గ్రానైట్ బండలు వేసుకొచ్చే లారీల్లో వెనక లైటు వెలిగేవి ఎన్ని? కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. రాత్రిపూట అవి మనకే కనపడవు. గట్టి వాన పడితే మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు నిలుస్తాయి. కెమెరా అక్కడ లేన్ గీత ఎట్లా వెతుక్కుంటుందో! ఏ ఆఫీసులో అడిగినా పక్క ఆఫీసు పేరు చెప్పి పంపిస్తారు. ఇవన్నీ వదిలేసి రిబ్బన్ కత్తిరించడానికి మాత్రం టైముకు వస్తారు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరే ఉంది. 2018 మార్చిలో అమెరికాలోని అరిజోనాలో ఊబర్ కంపెనీ ప్రయోగంగా తిప్పుతున్న, తనంతట తాను నడిచే కారు, రాత్రిపూట సైకిల్ తోసుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను గుద్ది చంపింది. సెన్సర్లు ఆమెను 5 సెకన్ల ముందే పసిగట్టాయి. బండా, సైకిలా, ఇంకేదైనానా అని తేల్చుకునే లోపు జరగాల్సింది జరిగిపోయింది. కంపెనీ మీద క్రిమినల్ కేసు లేదు. గమనిస్తూ ఉండాలని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టిన ఉద్యోగిని మీద పెట్టారు. ఆమె ఫోన్ చూస్తూ కూర్చున్నమాట నిజమే, కానీ ఆ సాఫ్ట్‌వేర్ రాసింది ఆమె కాదు కదా. కారు తనంతట తాను నడుస్తున్నప్పుడు బాధ్యత కంపెనీదేనని బ్రిటన్ వాళ్లు 2024లో చట్టం చేసుకున్నారు. మనకేముంది? రేపు టంగుటూరు టోల్‌గేటు దాటాక ఆ లెవెల్ 2 కారు ఉన్నట్టుండి పక్కకు లాగి ఎవరినైనా గుద్దితే, ఎఫ్‌ఐఆర్‌లో లోన్ మీద కారు కొన్న అమాయకుడి పేరే ఎక్కుతుంది. హ్యాకర్ పనా, అప్‌డేట్ లోపమా, డ్రైవర్ తప్పా అని తేల్చే మనిషి మన జిల్లాలో ఏ స్టేషన్‌లో ఉన్నాడు?

మీ విలేకరి గారు ఆ షోరూం వారినీ, చేతులెత్తిన అధికారి గారినీ ఈ ప్రశ్న సూటిగా అడగాలి. జవాబు అదే పేజీలో, అంతే పెద్ద ఫొటోతో వేయండి.

– విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి