ఆ గోలీల డబ్బా గురించి

అమ్మడూ,

నిన్న వీడియో కాల్‌లో నీ టేబుల్ మీద యాంటీఆక్సిడెంట్ గోలీల డబ్బా కనపడింది, ఏంటే అదంటే "ఫ్రీ రాడికల్స్‌ని చంపేస్తాయి నాన్నా" అని ఫోన్ పెట్టేశావు, అప్పట్నుంచీ మనసాగట్లా, అందుకే రాస్తున్నా.

ఎలక్ట్రాన్లకి జోడీ ఉండాలి కదా, ఒకటి జోడీ లేకుండా మిగిలిపోయిన అణువే ఫ్రీ రాడికల్. 1900లో గోంబర్గ్ అనే ఆయన ఇంకేదో తయారు చెయ్యబోతే ఇది దొరికింది, నాలుగు బంధాలుండాల్సిన కార్బన్‌కి మూడేంటని చాలామంది నమ్మలేదు పాపం. చాలావరకు రాడికల్స్ ఊరికే కూర్చోవు, పక్కదాన్నుంచి ఎలక్ట్రాన్ లాక్కుంటాయి, అప్పుడు అది రాడికలై ఇంకోదాని మీద పడుతుంది, అలా గొలుసు. మూత తీసి వదిలేసిన పాత నూనె వాసన గుర్తుందా, అది ఈ గొలుసు పనే. మన కణాల పొర కూడా కొవ్వేగా, అక్కడా ఇదే జరగొచ్చు, విటమిన్ ఈ మధ్యలో దూరి ఆపుతుంది.

ఇంతవరకు నీ డబ్బా మీద రాసింది కరెక్టే. రాయనిదేంటంటే, మన తెల్ల రక్తకణాలు బ్యాక్టీరియాని చంపడానికి సూపరాక్సైడ్ అనే రాడికల్‌ని కావాలనే తయారుచేస్తాయి, పుట్టుకతో ఆ శక్తి లేని పిల్లలకి ఇన్ఫెక్షన్లు మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటాయి. రక్తనాళాల్ని వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్ కూడా రాడికలే, దాని మీద పనికి 1998లో నోబెల్ ఇచ్చారు. మరి వీటన్నిటినీ చంపేస్తానంటే ఎలా?

ఫిన్లాండ్‌లో దాదాపు 29 వేలమంది సిగరెట్ తాగే మగవాళ్ళ మీద చేసిన ట్రయల్ ఫలితం 1994లో వచ్చింది, బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ గోలీలు మింగినవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువ కనపడింది. నువ్వు సిగరెట్ తాగవు, తెలుసు (తాగవు కదా?), కానీ గోలీ అంటే మంచే చేస్తుందని లేదు.

చిన్నప్పుడు సైకిల్ మీంచి పడితే నీ మోకాలి మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశాను, బుస్సున నురగ పొంగితే ఏడుపాపేసి వంగి చూశావు. ఆ నురగ ఆక్సిజన్, నీ కణాల్లోని కెటలేజ్ అనే ఎంజైమ్ పెరాక్సైడ్‌ని విరగ్గొట్టేస్తోందన్నమాట. దాన్ని వదిలేస్తే ఇనుము తగిలి హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది, అన్నిట్లోకీ మొండిది అదే. అంటే ఏ గోలీ లేకుండానే ఆ పని నీ ఒంట్లో అప్పటికే నడుస్తోంది.

డబ్బా వెనక ఏ విటమిన్ ఎంత డోసో రాసుంటుంది, ఫోటో తీసి పంపు. అప్పటిదాకా మింగకు.

నాన్న