తాళం ఎవరి దగ్గరుంది?

సంపాదకులు గారికి,

వానాకాలం వచ్చిందంటే మా వీధిలో ఫ్రిజ్‌ల కింద, బీరువాల కింద ఇటుకలు చేరతాయి. 2024 సెప్టెంబరు వరద నుంచి వచ్చిన అలవాటిది. విజయవాడలో అజిత్‌సింగ్‌నగర్ దాటాక మా ఇల్లు, అద్దెకుండేది కింది పోర్షన్‌లో. ఇటుకలు మేమే పెట్టుకుంటాం. బుడమేరు వాగు మళ్లీ పొంగి వస్తే ఎటు పోవాలో మాత్రం ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఆ రోజు ఆదివారం, సెప్టెంబరు 1. పొద్దున వాకిట్లోకి నీళ్లొస్తే డ్రైన్ పొంగిందేమో అనుకుని చీపురుతో బయటికి తోశాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కాసేపటికే నీళ్లు మోకాళ్లు దాటాయి. మా అత్తగారికి పక్షవాతం, నడవలేరు. ఆవిడను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మా ఆయన ఒకవైపు, ఎదురింటి కుర్రాడు ఒకవైపు పట్టుకుని బయల్దేరాం. వీధి చివర రెండంతస్తుల బడి ఉంది. తీరా వెళ్తే గేటుకు తాళం. వాచ్‌మన్ ఊరెళ్లాడట, ఇంకో తాళం ఎవరి దగ్గరుందో తెలియదు. నడుం లోతు నీళ్లలో గేటు పట్టుకుని నిలబడ్డాం. లోపల పై అంతస్తు వరండా పొడిగా, ఖాళీగా కనిపిస్తూనే ఉంది.

చివరికి పక్క సందులో ఒక ఇంటివాళ్లు మేడ మీదికి రమ్మన్నారు. రెండు గదుల్లో ఇరవై మందికి పైగా ఉన్నాం, బాత్రూం ఒక్కటే. కరెంటు లేక మోటారు ఆడలేదు, రెండో రోజుకే ట్యాంకులో నీళ్లు అయిపోయాయి. ఆడవాళ్లం మంచినీళ్లు తాగడం మానేశాం, ఎందుకో చెప్పక్కర్లేదు. మూడో రోజు పడవ వచ్చి ఫ్లైఓవర్ దగ్గర దించింది. పడవలో వచ్చిన అబ్బాయిది వేరే రాష్ట్రం. మమ్మల్ని దించి, దణ్ణం పెట్టి, ఇంకో ట్రిప్పుకి వెళ్లిపోయాడు. పాపం, అతన్ని ఏం అడుగుతాం! ఫ్లైఓవర్ మీద వందల మంది నిలబడి ఫోన్లలో చుట్టాలను వెతుక్కుంటున్నారు. చుట్టాలు లేనివాళ్లు ఎటు వెళ్లారో నాకు తెలియదు.

మా పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత ఆ తీరంలో తుపాను షెల్టర్లు కట్టారు. తుపాను వస్తోందంటే ఆటోలో మైకు తిరుగుతుంది. ఫలానా షెల్టర్‌కు ఫలానా వేళకు రమ్మంటారు. బియ్యం సంచి పట్టుకోవాలా, గేదెను విప్పి వదలాలా అన్నది మా అమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పల్లెల్లో ఉన్న ఏర్పాటు లక్షల మంది ఉండే బెజవాడలో లేకపోవడం నాకు వింతగా ఉంటుంది.

కృష్ణమ్మ సంగతి వేరు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది అని టీవీ చూసే పిల్లలకు కూడా తెలుసు. ఆ సెప్టెంబరులో 11.43 లక్షలు వచ్చింది. ఊరంతా అటే చూస్తుంటే నీళ్లు బుడమేరు వైపు నుంచి మా ఇళ్లలోకి వచ్చాయి. బుడమేరు మీదున్న వెలగలేరు రెగ్యులేటర్ గేట్లు ఎత్తితే ఆ నీరు ఎన్ని గంటలకు సింగ్‌నగర్ చేరుతుంది? ఎంత వస్తే మేం మూట కట్టుకోవాలి? మా వీధిలో ఒక్కరికీ ఆ అంకె తెలియదు. ఖాళీ చేయమన్న మాట చీకటి పడకముందే, ముసలివాళ్లు ఇంకా నడవగలిగినప్పుడే రావాలి. నీళ్లు నడుం దాకా వచ్చాక సైరన్ మోగించి ఏం లాభం?

జాబితా లేదనడానికి వీల్లేదు. వరద తగ్గాక ప్రభుత్వం కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తుకు 10,000 ఇచ్చింది. అంటే ఏ ఇల్లు మునుగుతుందో డోర్ నంబరుతో సహా ఆఫీసుల్లో రాసి ఉంది. నడవలేనివాళ్లు ఎవరో కూడా తెలుసు. నెలనెలా పింఛను ఇవ్వడానికి వచ్చే సచివాలయం అమ్మాయి మా అత్తగారి మంచం దాకా వస్తుంది. ఈ రెండు జాబితాలు పక్కపక్కన పెట్టుకుంటే ముందు ఎవరిని తరలించాలో ఒక పూటలో తేలిపోతుంది.

విపత్తు నిర్వహణ చట్టం కూడా ఉంది. అధికారులు ఖాళీ చేయమన్నా కారణం లేకుండా మొండికేస్తే ఏడాది దాకా జైలు పడొచ్చు. సరే, వెళ్తాం, ఎక్కడికో చెప్పండి! శిబిరంలో మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు, 30 మందికి ఒక మరుగుదొడ్డి, తాగడానికి రోజుకు కనీసం 3 లీటర్ల నీళ్లు ఉండాలని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థే చెప్పింది. ఆ లెక్కన మా వార్డులో ఏ బడి, ఏ కల్యాణ మండపం ఎంతమందికి సరిపోతుందో ఎవరైనా కొలిచారా? 2025లో చట్టం సవరించి, కార్పొరేషన్ ఉన్న నగరాలకు కమిషనర్ అధ్యక్షుడిగా, కలెక్టర్ ఉపాధ్యక్షుడిగా విడిగా నగర విపత్తు నిర్వహణ సంస్థ పెట్టుకునే వీలు కల్పించారు. మొదటి మీటింగులోనే ఈ కొలత పని ఎవరికైనా అప్పజెప్పాలి.

జనం వైపు తప్పు లేదని నేననను. మా ఎదురింటాయన పడవ వచ్చినా కదల్లేదు, దొంగలు పడతారని టెన్షన్. ఇంకొకావిడ కుక్కను వదిలి రానంది. నష్టం రాసుకునేవాళ్లు వచ్చినప్పుడు ఇంటికి తాళం ఉంటే డబ్బు రాదేమోనని చాలామంది భయపడ్డారు. వీధి మొదట్లో ఇద్దరు పోలీసులుంటారని, తాళం వేసిన ఇంటికి మళ్లీ వచ్చి రాసుకుంటారని ముందే చెబితే సగం మంది కదులుతారు.

మేం అడిగేది పెద్ద ఖర్చు కాదు. వార్డు సచివాలయం గోడ మీద మూడు ముక్కలు పెయింటుతో రాయాలి: నీళ్లొస్తే వెళ్లాల్సిన భవనం, దాని తాళాలు ఉండే ఇద్దరి ఫోన్ నంబర్లు, పడవ ఆగే చోటు. మొన్న వెళ్లి అడిగితే గోడ మీద ఖాళీ లేదన్నారు. మా ఇంటిగలావిడను అడిగాను, మా గోడ ఇస్తానంది. 2024 నీళ్ల మరక దాని మీద ఇంకా కనిపిస్తూనే ఉంది. దానికి ఓ జానెడు పైన రాయమనండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పాయకాపురం, విజయవాడ