సామ్యవాదం అంటే కమ్యూనిజమా తాతయ్యా?

సంపాదకులకు నమస్కారం.

మా మనవరాలు ఢిల్లీలో ఎనిమిదో తరగతి చదువుతోంది. సెలవులకొచ్చి, పక్కింటి పిల్లాడి సాంఘికశాస్త్రం పుస్తకం తిరగేస్తూ రాజ్యాంగ ప్రవేశిక దగ్గర ఆగింది. ‘సర్వసత్తాక, సామ్యవాద, లౌకిక...’ అని కూడబలుక్కుని, “తాతయ్యా, మనది కమ్యూనిస్టు దేశమా?” అంది. దాని తప్పేం లేదు. తెలుగులో సామ్యవాదం అంటే సోషలిజం, హిందీలో సామ్యవాద్ అంటే కమ్యూనిజమే. సోషలిస్టుకి వాళ్ల ప్రవేశికలో ఉన్నది ‘సమాజవాదీ’. ఒకటే సంస్కృతపు మాట, వింధ్య దాటేసరికి పార్టీ మార్చేసింది!

నేను విజయవాడలో ముప్పయ్యేళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ని, సీసపు అక్షరాల కాలం నుంచీ. ఎన్నికలొస్తే అన్ని పార్టీల కరపత్రాలూ మా ట్రెడిల్ ప్రెస్సు మీదే. కాంగ్రెస్ వాళ్లు 1955 నాటి ఆవడి మహాసభ తీర్మానం తలుచుకుని ‘సామ్యవాద తరహా సమాజం’ అని రాసుకొచ్చేవాళ్లు. ఎర్రజెండా వాళ్లవి ‘సోషలిజం’, ‘సమసమాజం’. ఒకసారి నేను పాండిత్యానికి పోయి సోషలిజాన్ని సామ్యవాదంగా దిద్దితే, కరపత్రం తెచ్చినాయన నా పెన్నే తీసుకుని కొట్టేశాడు. “రిక్షా వాళ్ల సభండీ ఇది” అన్నాడు.

ఈ ‘సామ్యవాద’ మాట రాజ్యాంగ 42వ సవరణతో ప్రవేశికలోకి వచ్చింది. 1977 జనవరి 3 నుంచి అమల్లో ఉంది. అర్థం మాత్రం రాయలేదు. అన్ని రకాల దోపిడీ నుంచీ విముక్తి అని నిర్వచించాలని 1978లో జనతా ప్రభుత్వం చూసింది. లోక్‌సభ సరేనంది, రాజ్యసభ కాదంది. 2024 నవంబర్ 25న సుప్రీంకోర్టు, మన దగ్గర సోషలిజం అంటే సంక్షేమ రాజ్యం, సమాన అవకాశాలు, ప్రైవేటు రంగానికి అది అడ్డు కాదు అని తేల్చింది.

ఆ తీర్పు వార్తలో మీరు శీర్షికలో ‘సామ్యవాదం’, లోపల ‘సోషలిస్టు’, పక్కన బాక్సులో ‘సమాజవాదం’ అని వేశారు. మూడూ ఒకటేనని పాఠకుడికెలా తెలుస్తుంది? నేనైతే ఆ గ్యాలీ ప్రూఫు వదిలేవాణ్ని కాదు. ప్రవేశికను ఉటంకించేచోట ‘సామ్యవాద’ ఎలాగూ తప్పదు. మిగతాచోట్ల హాయిగా సోషలిజం అనండి. కమ్యూనిజాన్ని కమ్యూనిజమనే రాయండి, ‘సమాజ్‌వాదీ’ని ఉత్తరప్రదేశ్ పార్టీకి వదిలేయండి.

మా పిల్ల కోసం ఆ పుస్తకంలో సామ్యవాద పక్కన పెన్సిల్‌తో ‘సోషలిస్టు’ అని రాశాను. పక్కింటివాడు తుడిచేశాడో, ఉంచాడో.

- ఒక విశ్రాంత ప్రూఫ్ రీడర్, విజయవాడ