పాఠక సంఘం వార్షిక నివేదిక – సర్వసభ్య సమావేశం, మహబూబ్‌నగర్

గౌరవ సభ్యులకు నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. నెలనెలా సమావేశాలు మామూలుగానే నడిచాయి, మినిట్స్ పుస్తకం బల్ల మీద ఉంది. ఈ ఏడు గట్టిగా చెప్పుకోవాల్సింది ‘గిడియన్ ద నైన్త్’ సామూహిక పఠనం గురించే. న్యూజిలాండ్ రచయిత్రి టామ్సిన్ మ్యూర్ రాసిన ఈ నవల 2019లో వచ్చింది. నిండా ఎముకలు, సమాధులు, శవాలను లేపే మాంత్రికులు. ‘మనకెందుకీ దయ్యాల గోల’ అన్న పెద్దలే చివరి ఆదివారం అందరికన్నా ముందొచ్చి కూర్చున్నారు. అది కూడా రికార్డులో ఉండాలి.

మొదట్లో తడబడ్డాం. కారణం పేర్లు. రెండో వంశం మొదలు తొమ్మిదో వంశం దాకా, ఎనిమిది వంశాల నుంచి ఒక్కో మాంత్రికుడు, వెంట ఒక్కో ఖడ్గధారి. మూడో వంశంలో మాంత్రికులు కవలలు కాబట్టి మొత్తం 17 మంది ఒకే పాడుబడ్డ భవనంలో దిగుతారు. అక్కడే చాలామంది పుస్తకం మూసేశారు. ఇంటిపేర్లలోనే వంశం అంకె దాగుందని పట్టుకున్నాక దారి దొరికింది: ట్రైడెంటారియస్‌లో మూడు, పెంట్‌లో అయిదు, సెక్స్‌టస్‌లో ఆరు, నోనాజెసిమస్‌లో తొమ్మిది. డ్రాయింగ్ షీటు మీద ఎనిమిది గళ్లు గీసి గోడకు అంటించాం. చనిపోయినవాళ్ల పేరు కొట్టేయొద్దు, పెన్సిలుతో చుట్టండి చాలు. ఈ కథలో చచ్చినవాళ్లకూ పనుంటుంది.

ఇందులో మంత్రం ఊరికే పలకదు, సరుకు కావాలి. చావు నుంచి పుట్టే శక్తే దాని ఇంధనం. అందుకే చావే లేని అంతరిక్షంలో మాంత్రికులు నీరసపడతారు. తొమ్మిదో వంశపు మాంత్రికురాలు హారో మొదటి గెలుపు చూడండి: రాత్రంతా చేతులతో మన్ను తవ్వి ఎముకలు ముందే పాతిపెట్టింది. గోళ్లలో మట్టి చూపించి రచయిత్రి ఆనవాలు ఇచ్చింది, మనలో సగం మంది దాటేశారు.

‘నెక్రోమాన్సర్’కు తెలుగు మాట కోసం ఒక పూట పోయింది. చేతబడి, బాణామతి వద్దనుకున్నాం. ఆ అనుమానంతో మనుషుల పళ్లు ఊడగొట్టిన నేల ఇది, కథ కోసం ఆ మాటకు మెరుగు పెట్టలేం. శవసాధకుడంటే శవం మీద కూర్చుని జపించేవాడు. మృతమాంత్రికుడంటే వాడే చచ్చినట్టుంది. చివరికి ‘శవమాంత్రికుడు’ ఖాయం చేశాం.

అసలు రక్తి కట్టింది ఈ నవలను మన బేతాళ కథల పక్కన పెట్టి చూసినప్పుడు. చందమామలో ఎన్నేళ్లు చదివినా, భిక్షువుకు ఆ శవం ఎందుకో మనలో చాలామందికి తెలీదు. కథాసరిత్సాగరంలో ఆ భిక్షువు క్షాంతిశీలుడు విద్యాధర చక్రవర్తి కావడానికి రాజునే బలివ్వాలనుకుంటాడు. ‘సాష్టాంగం ఎలాగో అతన్నే చేసి చూపించమను’ అని బేతాళుడు రాజుకు ఉపాయం చెప్తాడు. శవమాంత్రికుడికి పక్కన కత్తి పట్టినవాడు ఎందుకు కావాలి? నవల అడిగేదీ అదే. జవాబు ఇక్కడ రాయను, ఇంకా చదవనివాళ్లున్నారు.

షీట్లు గీసినవారికి, చాయ్ పోసినవారికి, కుర్చీలు మోసిన ఇద్దరు డిగ్రీ పిల్లలకు కృతజ్ఞతలు. వాలంటీర్ల జాబితాలో పేరు రాసి మొహం చూపించనివారికి ఏం చెప్పాలో తెలీదు. హాలు తాళం కోసం ఒక కార్యాలయం చుట్టూ తిరిగి తిరిగి రెండు వారాలు వరండాలోనే చదివాం.

జమాఖర్చులు సరిపోయాయి, పట్టిక వెనక పేజీలో ఉంది.

వచ్చే ఏడు రెండో భాగం, 2020లో వచ్చిన ‘హారో ద నైన్త్’. చాలా మటుకు ‘నువ్వు’ అంటూ సాగే కథనం. ఈసారి షీటు మొదటి వారమే కావాలి, గీసేవారు ఇవాళే పేరివ్వండి.

– కార్యదర్శి