మెయిన్ ఆపినా ఆగని కరెంటు

సంపాదకులకు నమస్కారం.

అయ్యా,

వేసవి మొదలైంది మొదలు మీ పత్రికలో ఇన్వర్టర్ల, బ్యాటరీల ప్రకటనలు దాదాపు రోజూ కనిపిస్తున్నాయి. ఎన్ని గంటలు పనిచేస్తుందో, నెలకు ఎంత వాయిదా కట్టాలో, పాత బ్యాటరీ ఇస్తే ఎంత తగ్గిస్తారో వాటిలో వివరంగానే ఉంటుంది. కొన్నవారు ఆ తరువాత ఏం చేయాలో, ఏం చేయరాదో మాత్రం ఒక్క ప్రకటనలోనూ ఉండదు; దుకాణం నుంచి వచ్చి బిగించి వెళ్ళేవారు కూడా చెప్పడం లేదు. ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పిన నేనే ఈ విషయంలో ఘోరమైన పొరపాటు చేశాను కనుక, పాఠం చెప్పే అలవాటు కొద్దీ కాక, తప్పు ఒప్పుకుంటూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

గత వర్షాకాలంలో మా హాల్లో ఫ్యాను రెగ్యులేటరు పాడైతే, మా వీధిలోనే ఉండే ఎలక్ట్రీషియన్ కుర్రాణ్ణి పిలిచాను. స్విచ్ బోర్డు విప్పే ముందు అతను “మాస్టారూ, మెయిన్ ఆపేశారా?” అని అడిగాడు. “ఆపేశానయ్యా, భయం లేదు” అన్నాను. నేను ఆపిన మాట నిజమే. అయితే మెయిన్ ఆపడమూ వీధిలో కరెంటు పోవడమూ ఇన్వర్టరుకు ఒకటే; లోపలికి కరెంటు రావడం లేదని గ్రహించిన రెప్పపాటులో అది బ్యాటరీ నుంచి తీసుకుని, హాలు లైనుకు ఎప్పటిలాగే 230 వోల్టులు పంపడం మొదలుపెట్టింది. కుర్రాడు స్క్రూడ్రైవరు పెట్టగానే షాకు కొట్టి వెనక్కి పడ్డాడు. మోచెయ్యి అరుగుకు తగిలి వాచింది తప్ప ప్రాణానికి ఏమీ కాలేదు. పన్నెండు వోల్టుల బ్యాటరీ ఏం చేస్తుందిలే అనుకునేవారు ఇంకా ఉన్నారు. బ్యాటరీ దగ్గర పన్నెండే గాని, ఇన్వర్టర్ దాటి గోడలోకి వెళ్ళేటప్పటికి అది వీధి స్తంభం నుంచి వచ్చే కరెంటుతో సమానమైన ప్రాణాంతకమే అవుతుంది.

ఇన్వర్టర్ ముందువైపు ఉండే స్విచ్చి ఒక్కటే ఆపినా చాలదు. దాని వల్ల బ్యాటరీ కరెంటు ఆగుతుంది గాని, చాలా రకాల ఇన్వర్టర్లలో బయటి కరెంటు వాటి గుండా ఇంట్లోకి వస్తూనే ఉంటుంది. కాబట్టి మెయిన్ ఆపాలి, ఇన్వర్టరునూ ఆపాలి, ఆ రెండూ అయ్యాక పనిచేయబోయే చోట టెస్టరు పెట్టి చూడాలి. ఇల్లు కడిగేటప్పుడు, గోడలకు సున్నం వేయించేటప్పుడు, వాననీరు గోడల్లోకి దిగి స్విచ్చి ముట్టుకుంటే జిల్లుమన్నప్పుడు కూడా ఇదే వరస. వరద నీరు ఇంట్లోకి వచ్చే సూచన ఉంటే ముందుగా చేయవలసిన పనుల్లో ఇన్వర్టర్ ఆపడం ఒకటి. మెయిన్ కట్టేసి బయటికి వెళ్ళిపోయాం కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

ఇది మన గోడలతోనే ఆగే విషయం కాదు. సరిగా కలిపిన ఇన్వర్టర్ కరెంటు పోగానే బయటి లైనును తనంతట తాను వేరు చేసుకుంటుంది. అనుభవం లేనివారు తీగలు కలగలిపి బిగించినప్పుడు, లేదా జనరేటరు తీగను తెచ్చి గోడ సాకెట్లో గుచ్చి ఇల్లంతా వెలిగించాలని చూసినప్పుడు, ఆ కరెంటు వెనక్కి వీధి లైనులోకి పోయే ప్రమాదం ఉంది. అక్కడ స్తంభం మీద లైన్‌మన్ ఉంటాడు. కప్పు మీద బ్యాటరీ లేకుండా పెట్టే సౌర పలకలు, కరెంటు పోగానే ఎండ మండిపోతున్నా పనిచేయడం మానేసేది కూడా ఆ లైన్‌మన్ ప్రాణం కోసమే. ఈ సంగతి తెలియక, సోలార్ పెట్టించాం కనుక ఇక ఇన్వర్టర్ అక్కర్లేదని పాతది అమ్మేసుకుని, మొదటి కోతకే చీకట్లో కూర్చున్నవారు మా కాలనీలో ఇద్దరున్నారు.

ఇక నీళ్ళ సంగతి. మన ఇళ్ళలో ఎక్కువగా ఉన్నవి సీసపు పలకలు, గంధకికామ్లం (సల్ఫ్యూరిక్ యాసిడ్) ఉండే ట్యూబులర్ బ్యాటరీలు. ఛార్జింగ్ అయ్యేటప్పుడు లోపలి నీటిలో కొంత హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోయి బయటికి పోతుంది. యాసిడ్ లోపలే మిగిలి ఉంటుంది. పోయింది నీరు గనుక తిరిగి పోయవలసిందీ నీరే. బలం తగ్గిందని యాసిడ్ పోయించేవారు, పోసేవారు ఇద్దరూ బ్యాటరీని చంపుతున్నట్టే లెక్క. ఆ నీరు కూడా డిస్టిల్డ్ వాటర్ అయి తీరాలి. మా తోడల్లుడు మూడేళ్ళపాటు ఇంట్లోని ఆర్వో యంత్రం నీళ్ళు పోశాడు. “తాగే నీళ్ళే కదా అన్నయ్యా, ఇంతకంటే శుభ్రమైనవి ఎక్కడ దొరుకుతాయి?” అనేవాడు. మనం తాగే నీటిలో లవణాలు కొంత మిగిలి ఉండాలి, బ్యాటరీ నీటిలో అవి ఉండకూడదు. రెండు శుభ్రతలూ ఒకటి కావు. కుళాయి నీటిలోని క్లోరిన్, బోరు నీటిలోని ఇనుము, సున్నం పలకలను కొద్దికొద్దిగా పాడుచేస్తాయి. ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టి పోసేవారు, అవి ఏళ్ళ తరబడి దుమ్ము పట్టిన లోహపు గొట్టాల మీదుగా వస్తాయని గుర్తుంచుకోవాలి. ఐదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ క్యాను ఖరీదు ఒక పూట కూరగాయల ఖర్చును మించదు. పాడయ్యే బ్యాటరీ ఖరీదు వేలల్లో ఉంటుంది.

ఎప్పుడు పోయాలి అన్నదానికి వేసవిలో నెలకొకసారి, మిగతా కాలంలో రెండు మూడు నెలలకొకసారి చూసుకోవడం మంచి అలవాటు. బ్యాటరీ మీద ఉండే ఆరు మూతల్లోని ఫ్లోట్లు పచ్చగీత నుంచి ఎర్రగీతకు దిగకముందే పోయాలి, పై గీత దాటకుండా ఆపాలి. ఛార్జింగ్ పూర్తయ్యాక పోయడం సరైన పద్ధతి. ఛార్జింగులో మట్టం కొంత పైకి లేస్తుంది గనుక, ముందే నిండా పోస్తే యాసిడ్ కలిసిన నీరు పొంగి కిందికి కారుతుంది. ఆ చుక్క పడిన లుంగీకి అప్పటికి ఏమీ కానట్టే ఉంటుంది గాని, ఉతికి ఆరవేసిన నాడు జల్లెడలా చిల్లులు కనిపిస్తాయి. కంట్లో పడితే మాత్రం అది నవ్వుకునే విషయం కాదు. కనీసం పావుగంటసేపు ధారాళంగా నీళ్ళతో కడిగి, వెంటనే వైద్యుని దగ్గరికి వెళ్ళాలి. బ్యాటరీ లోపలి ఆరు గదుల్లో (సెల్స్) ఒక్కటే ఎప్పుడూ తక్కినవాటికంటే ముందుగా ఎండిపోతుంటే ఆ గది పాడవుతోందని అనుమానించవచ్చు. యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరు ఉన్నవారు పూర్తి ఛార్జింగ్ తరువాత కొలిచి చూసుకుంటే, బాగున్న గదుల్లో దాదాపు 1.240 చూపిస్తుంది, ఒక్కదానిలోనే బాగా తక్కువ ఉంటే ఫలానా గదని వేలెత్తి చూపి వారంటీ అడగవచ్చు. నా మొదటి బ్యాటరీ రెండేళ్ళకే చతికిలబడినప్పుడు, వారంటీ కార్డు మీద దుకాణం ముద్ర, అమ్మిన తేదీ లేవన్న కారణంతో నన్ను తిప్పి పంపారు. ముద్ర వేయవలసింది వారే గాని, వేయించుకోవలసింది నేనే అన్నది అప్పుడు తెలిసింది.

మాది సముద్రపు గాలి తగిలే విశాఖపట్నం. ఇక్కడ బ్యాటరీకి తీగలు బిగించే టెర్మినళ్ళ మీద తెల్లగానో, నీలం కలిసిన పచ్చగానో చిలుము త్వరగా పడుతుంది. ఇన్వర్టర్ ఆపి, బయటి కరెంటు ఆపి, చేతికున్న ఉంగరం తీసేసి, వంట సోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, ఆరాక వ్యాసలీన్ పలచగా రాస్తే చాలు. సోడా నీరు మూతల సందుల్లోంచి లోపలికి దిగకూడదు. తీగ వదులైన చోట వేడెక్కి కరిగిన టెర్మినళ్ళు నేను చూశాను. ఏడాదికి రెండుసార్లు బోల్టులు బిగుతుగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరిని తాకినప్పుడు ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళన్నీ మొదటి రాత్రి వెలిగాయి. తెల్లారేసరికి చాలావాటిలో బ్యాటరీ అయిపోయింది. అయిపోయిందని యంత్రం కీచుమని చెప్పి ఆగిపోతే, కాసేపు ఆగి మళ్ళీ స్విచ్చి వేసి మరో ఐదు నిమిషాలు, మరో రెండు నిమిషాలు పిండుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ తరువాత రోజుల తరబడి కరెంటు రాలేదు. అడుగంటా ఖాళీ అయిన సీసపు బ్యాటరీ అలాగే పడి ఉంటే పలకల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది, ఆ తరువాత ఎంత ఛార్జింగ్ పెట్టినా పూర్వపు శక్తి రాదు. మా బ్యాటరీ మళ్ళీ ఎన్నడూ రెండు గంటలు దాటి నిలవలేదు. తుపాను హెచ్చరిక వినగానే నీళ్ళు చూసుకుని, నిండా ఛార్జింగ్ అయిందని నిర్ధారించుకుని, కరెంటు పోయిన క్షణం నుంచే పొదుపు మొదలుపెట్టాలి. పాతకాలపు ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది, ఎల్‌ఈడీ బల్బు 9 వాట్లు తీసుకుంటుంది. ఒక్క ఫ్యాను ఆపితే ఎనిమిది బల్బులు వెలుగుతాయి.

దుకాణంలో చెప్పే గంటల లెక్కను కూడా ఇలాగే ఎవరికి వారు వేసుకోవచ్చు. 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్లు ఉంటాయి. దానిని పూర్తిగా ఖాళీ చేయకూడదు, ఇన్వర్టరులో కొంత వేడిగా పోతుంది. చేతికి వచ్చేది 1200కు అటూ ఇటూ. రెండు పాత ఫ్యాన్లు, రెండు ట్యూబులు, వైఫై పెట్టె కలిసి 200 వాట్లు అనుకుంటే, కొత్త బ్యాటరీకి ఆరు గంటలు. ఆ రెండు ఫ్యాన్లనూ తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లుగా మారిస్తే అదే బ్యాటరీ పది గంటలు దాటుతుంది. పెద్ద బ్యాటరీ కొనబోయేవారు ముందు ఫ్యాన్ల వంక చూడాలని నా మనవి. కోతలు తగ్గిన ఊళ్ళలో బ్యాటరీ నెలల తరబడి వాడకం లేకుండా ఉంటుంది; నెలకొకసారి మెయిన్ ఆపి గంటో రెండు గంటలో దాని మీద నడిపిస్తే, కొత్తలో ఎంత ఇచ్చేదో ఇప్పుడు ఎంత ఇస్తోందో కూడా తెలిసిపోతుంది.

ఎక్కడ పెట్టాలన్నది చాలా ఇళ్ళలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ అన్నట్టుగా ఉంది. మెట్ల కింద తలుపు వేసిన గూట్లో, దేవుడి గది మూలలో, మంచం పక్కన పెడుతున్నారు. వెలువడే హైడ్రోజన్ గాలిలో నూటికి నాలుగు వంతులు చేరితే నిప్పురవ్వ చాలు. దీపం, అగరువత్తి, గ్యాస్ పొయ్యి దగ్గర లేకుండా, గాలి ఆడే నీడపట్టున పెట్టాలి. పైన పాత పేపర్ల కట్టలు పేర్చకూడదు. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే బ్యాటరీ అతిగా ఛార్జ్ అవుతోందని అర్థం; వెంటనే ఆపి, కిటికీలు తెరిచి, మనిషిని పిలవాలి. నీళ్ళతో పనిలేని లిథియం బ్యాటరీలు వచ్చాయి గదా అంటారు. ఖరీదు సంగతి అలా ఉంచితే, వాటికి తగిన ఛార్జింగ్ పద్ధతి ఉన్న ఇన్వర్టరే వాడాలి. పాత ఇన్వర్టరుకు తగిలించి ప్రయోగాలు చేయకూడదు.

చివరికి మిగిలేది పాత బ్యాటరీ. బరువులో సగానికి మించి సీసమే గనుక దానికి ధర ఉంది, ధర ఉంది గనుక వీధిలోకి వచ్చే పాత సామాన్లవాడు తూకానికి కొంటాడు. బరువు తగ్గించుకోవడానికి లోపలి యాసిడ్‌ను ఒకతను మా కాలనీ మురుగుకాలువలో ఒంపడం కళ్ళారా చూశాను; కాలువ అంచున ఉన్న గడ్డి వారంలో మాడిపోయింది. పెరట్లో కుంపటి పెట్టి సీసం కరిగించే చోట ఆ పొగ, ఆ మట్టి పసిపిల్లల మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తాయి. 2022 ఆగస్టులో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, వాడి పారేసిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది; ఇతర చెత్తలో కలపకుండా, సేకరించేవారికో పునర్వినియోగ కేంద్రానికో చేర్చే బాధ్యత మనది. కొత్తది కొన్న దుకాణంలోనే పాతది ఇచ్చి, బిల్లులో ఆ తగ్గింపు రాయించుకోవడం అందరికీ సులువైన దారి.

మీ పత్రిక ద్వారా రెండు కోరికలు. బ్యాటరీ అమ్మే ప్రతి దుకాణమూ బిగించిన రోజునే తెలుగులో ఒక పుట సూచనలు ఇచ్చి, ఇంటివారి చేత ఒకసారి నీళ్ళు పోయించి చూపించాలి. మా ప్రాంతపు విద్యుత్ పంపిణీ సంస్థ, తక్కిన పంపిణీ సంస్థలు నెలవారీ బిల్లు వెనుక ఇన్వర్టర్ జాగ్రత్త ఒక్క వాక్యం అచ్చువేస్తే ఖర్చేమీ పెరగదు. అందాకా ఆగలేక, ఆ కుర్రాడి మోచేతి కట్టు విప్పిన రోజున మా మెయిన్ బోర్డు మీద ఎర్ర సిరాతో రాసి ఒక కాగితం అతికించాను: “ఇది ఆపినా హాలు, పడకగది, వంటగది లైన్లలో కరెంటు ఉంటుంది. వెనుక వసారాలో ఇన్వర్టర్ కూడా ఆపండి.” ఆ కాగితం చూసి మా అపార్టుమెంటులో ఏడు ఇళ్ళవారు రాయించుకుని వెళ్ళారు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విశాఖపట్నం.